శబ్దరూపసాధక ప్రోగ్రామును మూలపాఠము నుండి నిర్మించుకొను విధానము

రామశబ్దమునకు సంబోధనతో కూడ 24 రూపములని శబ్దమంజరి వల్లించిన ప్రతివిద్యార్థికిని తెలియును. అందు ఉచ్చారణచే భిన్నములైనవి 17 మాత్రమే. రామాభ్యామ్ అను ఒక్క రూపమే తృతీయా చతుర్థీ పంచమీ విభక్తుల ద్వివచనములకు చెల్లును. రూపము నిచ్చి ప్రాతిపదిక, లింగము, విభక్తి, వచనము చెప్పుమనిన విద్యార్థి మూడు సమాధానములు చెప్పవలసియుండును. కంప్యూటరుచే ఈ పని చేయించు సాధనములు నేడు పెక్కు గలవు. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతాధ్యయన విభాగమున అంబా కులకర్ణిగారి ఆధ్వర్యమున రూపొందిన సంసాధనీ వానిలో మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గరిది. ఫ్రాన్సుదేశమున ఇన్రియా సంస్థకు చెందిన జెరార్ హ్యువే మరియొక మార్గమున ఇట్టి కృషియే చేసినారు. సంసాధనీలోని పదవిశ్లేషణకు ఆధారమైన చిన్న ప్రోగ్రాము పేరు ఎల్‌టీ టూల్‌బాక్స్. ఇది స్పెయిన్‌లోని అలికాంతె విశ్వవిద్యాలయమున ఎపర్టియం అను అనువాద వ్యవస్థకై నిర్మింపబడినది. సంస్కృతమును దృష్టియందుంచుకొని చేసినది కాదు. అయినను మన శబ్దమంజరి పద్ధతికి ఇంత చక్కగా ఒదుగుట గమనింపదగిన విషయము. దీనిని మూలపాఠము నుండి మన యంత్రముపై నిర్మించుకొను క్రమమును ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు తెలుపుట ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

ముందుగా మూలపాఠమనగా నేమి? ప్రోగ్రామును రచించినవాడు మనుష్యులు చదువదగిన భాషలో, ఇచట సి ప్లస్ ప్లస్ అను భాషలో, వ్రాసిన పాఠమే మూలపాఠము. యంత్రము దానిని నేరుగా గ్రహింపజాలదు. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము దానిని యంత్రసంకేతములుగా మార్చవలెను. మార్చిన పిదప లభించునది పనిచేయును గాని చదువుటకు వీలుపడదు. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున కురిక్యాల బొమ్మలమ్మగుట్టపై జినవల్లభుని శాసనము నేటికిని శిలపైననే యున్నది. ముద్రితపాఠమున సందేహము కలిగినచో గుట్ట యెక్కి రాతిని చూచి నిర్ణయించుకొనవచ్చును. మూలపాఠము లభించు ప్రోగ్రాము అట్టిది. ఈ ప్రోగ్రాము జి.పి.ఎల్. అను అనుమతిపత్రము క్రింద వెలువడినది. 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో ఆ పత్రమును, 1991లో దాని రెండవ పాఠమును రచించెను. చదువుట, మార్చుట, మార్చినదానిని మూలముతో సహా ఇతరులకిచ్చుట అను స్వాతంత్ర్యములను అది అందరికిని ఇచ్చుచున్నది.

ఉబుంటు వంటి వ్యవస్థలలో ఈ ప్రోగ్రాము సిద్ధరూపమున కూడ దొరకును. అట్లయిన మూలము నుండి నిర్మించు శ్రమ యేల అని అడుగవచ్చును. కేవలము వాడుకొనువారికి సిద్ధరూపము చాలును. దానిని కాదనుట పండితులకు తగదు. కాని విద్యార్థి యంత్రము చెప్పినదే ప్రమాణమని నమ్ము కాలము వచ్చినది. ఆ ఫలితము ఎచటినుండి వచ్చినదో చూపజాలని అధ్యాపకుడు దానిని ఖండింపనూలేడు, సమర్థింపనూలేడు. బోధించువాడు ఒక్కమారైనను మూలము నుండి నిర్మించి చూడవలెనని నా అభిప్రాయము.

లినక్సు వ్యవస్థ గల యంత్రమున టెర్మినలు అను గవాక్షమును తెరచి ఆజ్ఞలు టైపు చేయవలెను. చిత్రములపై నొక్కు పద్ధతి ఇచట లేదు. ముందుగా జి.సి.సి. కంపైలరు, మేక్, ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్, ప్యాకేజ్ కాన్ఫిగ్ అను పరికరములను సమకూర్చుకొనవలెను. తరువాత లిబ్ ఎక్స్ఎంఎల్ 2 అను లైబ్రరీ కావలెను. ఇటీవలి పాఠములకు ఐ.సి.యు. అను లైబ్రరీ కూడ అవసరము. పెక్కుమంది తొట్రుపడునది ఇచటనే. లైబ్రరీ యంత్రములో నున్నను, లేదని సందేశము వచ్చును. కారణమేమనగా, నడుచుటకు కావలసిన భాగము వేరు, నిర్మించుటకు కావలసిన భాగము వేరు. రెండవదానియందు హెడర్ ఫైలులుండును. లైబ్రరీలో ఏ పేరు గల క్రియ ఏమి గ్రహించి ఏమి ఇచ్చునో తెలుపు సంజ్ఞాపాఠము వంటివి అవి. వృద్ధి, గుణము అను సంజ్ఞలెరుగనివానికి సూత్రము లెన్ని యున్నను ప్రక్రియ సాగదు గదా. ఉబుంటులో ఈ భాగముల పేర్ల చివర డెవ్ అను ప్రత్యయముండును. దానిని కోరి తెచ్చుకొనినచో చిక్కు తీరును.

మూలపాఠమును గిట్‌హబ్ నుండి దింపుకొని ఆ ఫోల్డరులో ప్రవేశించి మొదట ఆటోజెన్ అను ఫైలును, తరువాత కాన్ఫిగర్ అను ఫైలును నడపవలెను. ఫైలు పేరునకు ముందు చుక్కయు, వాలుగీతయు ఉంచుట మరువరాదు. ఈ ఫోల్డరులోని ఫైలునే అని దాని అర్థము. కాన్ఫిగర్ మన యంత్రమును పరీక్షించును. కంపైలరు ఉన్నదా, లైబ్రరీలు ఉన్నవా, ఎచట ఉన్నవి అని ఒక్కొక్క పంక్తిలో ప్రశ్నయు సమాధానమును ముద్రించుచు పోవును. లోపమున్నచో అచటనే ఆగును. ఆగినపుడు చివరి పంక్తులను ఓపికతో చదువవలెను. లోపమేదో సాధారణముగా అచటనే పేరుతో సహా చెప్పబడియుండును. అంతయు సరిపోయినచో మేక్‌ఫైలు అనునది పుట్టును.

తరువాతి ఆజ్ఞ మేక్. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దీనిని రచించెను. ఏ ఫైలు దేనిపై ఆధారపడినదో మేక్‌ఫైలులో వ్రాయబడియుండును. మేక్ ఆ ఫైలుల కాలములను పోల్చి, మూలము మారినవానిని, వానిపై ఆధారపడినవానిని మాత్రమే తిరిగి నిర్మించును. మొదటిమారు అన్నియు నిర్మింపవలెను. సాధారణ యంత్రములో కొన్ని నిమిషములు చాలును. అటుపిమ్మట మేక్ ఇన్‌స్టాల్ అనవలెను. నిర్మితమైన ఫైలులను వ్యవస్థలో నిర్ణీతస్థానమున ఉంచుటయే దీని పని. దీనికి నిర్వాహకుని అధికారము కావలెను గనుక ముందు సూడో అను పదము చేర్చుదురు. అధికారము లేని కళాశాల యంత్రములో కాన్ఫిగర్ సమయముననే ప్రిఫిక్స్ అను సూచనతో తన సొంత ఫోల్డరును చూపవచ్చును. ఇన్‌స్టాల్ అయిన పిమ్మట ప్రోగ్రామును పిలిచిన, పంచుకొను లైబ్రరీ తెరచుకొనలేదని సందేశము వచ్చుట కలదు. ఎల్‌డీకాన్ఫిగ్ అను ఆజ్ఞను ఒకమారు నడిపినచో వ్యవస్థ తన లైబ్రరీల పట్టికను సవరించుకొనును.

ఇంతవరకు జరిగినది కమ్మరి కొలిమి పని. పండితుని పని ఇకమీదట మొదలగును. ఎల్‌టీ కాంప్, ఎల్‌టీ ప్రాక్, ఎల్‌టీ ఎక్స్‌పాండ్ అను మూడు ప్రోగ్రాములు మనకు లభించినవి. మొదటిది నిఘంటువును కంపైలు చేయును. నిఘంటువులో రామాది మాతృకలను ఒక్కమారు వ్రాసి, వానివలె నడుచు ప్రాతిపదికలను ఆ మాతృకకు కట్టవలెను. ఎల్ ఆర్ అను సూచనతో కంపైలు చేసిన రూపము నుండి ప్రాతిపదికకును, ఆర్ ఎల్ అను సూచనతో చేసిన ప్రాతిపదిక నుండి రూపమునకును దారి ఏర్పడును. ఒకే గ్రంథము నుండి విశ్లేషణయు నిష్పాదనయు రెండును సిద్ధించుట ఇందలి సౌలభ్యము.

కొండగట్టు విద్యార్థులకు నిత్యపరిచితములైన ఆంజనేయ, మారుతి అను శబ్దములనే గ్రహింతము. అకారాంత పుంలింగమే గదా యని ఆంజనేయశబ్దమును రామమాతృకకు కట్టినచో, యంత్రము ఆంజనేయేణ అని ణకారముతో రూపము నిచ్చును. ఆంజనేయేన అను సాధురూపమును ఎరుగనని చెప్పును. హరిశబ్దమునకు కట్టిన మారుతిశబ్దము మారుతిణా అగును. కృష్ణశబ్దమున ఋకార షకారములున్నను కృష్ణేన అనియే రూపము. నడుమ ఉన్న టవర్గీయ ణకారము ణత్వమునకు అడ్డువచ్చును. మారుతి, రథ శబ్దములలో తవర్గవ్యవధానము అట్టిదే. అష్టమాధ్యాయ చతుర్థపాదారంభమున చెప్పబడిన ఈ ణత్వవిధి ఎల్‌టీ కాంప్ ప్రోగ్రామునకు తెలియదు. అది నిర్వచింపని మాతృక పేరు వాడినచో తప్పు పట్టును, మూయని గుర్తును చూపును. కాని ఆంజనేయేణ అను అపశబ్దమును మాటాడక కంపైలు చేయును. కావున రామ, దేవ అని రెండు మాతృకలును, ఇకారాంతములకు హరి, కవి అని రెండును వేరుగా నుంచి, ఏ ప్రాతిపదిక దేనికి చెందునో వ్యాకరణజ్ఞుడే నిర్ణయింపవలెను.

మరియొక చిక్కు లిపికి సంబంధించినది. హైదరాబాదు సాధనములలో డబ్ల్యు ఎక్స్ అను సంకేతలిపి వాడుక. అందు ఒక వర్ణమునకు ఒకే రోమను అక్షరము. త, ద లకు డబ్ల్యు, ఎక్స్ అను అక్షరములు వాడుటచే దానికా పేరు. మన లిపిలో అకారము హల్లులో అంతర్గతమై యుండును గనుక ప్రాతిపదికాంతమును విడదీయుట కష్టము, ఇందు సులభము. అయితే హ్రస్వదీర్ఘములు, అల్పప్రాణ మహాప్రాణములు చిన్న పెద్ద బడి అక్షరములచే భేదింపబడును. ఎల్‌టీ ప్రాక్ స్వభావసిద్ధముగా పెద్ద అక్షరమును చిన్నదానితో సమముగా భావించును. అందుచే రథః అను రూపమునకు రతశబ్దము కూడ సమాధానముగా రావచ్చును. రామః అనిన రమశబ్దము తోచును. ఈ దోషనివృత్తికై ప్రోగ్రాము పేరు తరువాత అడ్డగీతయు, సి అను చిన్న అక్షరమును చేర్చి నడుపవలెను. ఆంగ్లాది భాషలకు ఉపకారమైన ఏర్పాటు మనకు అపకారమైన స్థలమిది. క్రొత్తవారు దీనిని కనుగొనుటకు చాలకాలము పట్టును గనుక ఇంత విస్తరించితిని.

ఎల్‌టీ ఎక్స్‌పాండ్ నిఘంటువులోని సమస్తరూపములను విశ్లేషణతో సహా పంక్తికొకటిగా కుమ్మరించును. దానిని కాగితముపై ముద్రించి ఒక విద్యార్థి చదువగా వేరొకడు శబ్దమంజరిని కంఠస్థముగా చెప్పుచు సరిచూచుట ఉత్తమమైన పరీక్ష. సవరణ చేసిన ప్రతిసారియు ప్రోగ్రామునంతయు తిరిగి నిర్మింపనక్కరలేదు. నిఘంటువును మాత్రము ఎల్‌టీ కాంప్‌తో మరల కంపైలు చేసిన చాలును. హనుమత్, హనూమత్ అని ప్రాతిపదిక ద్వివిధము గనుక ధీమత్ మాతృకకు రెండింటిని వేర్వేరుగా కట్టవలెను. ఒకటియే కట్టినచో రెండవదానికి ఎల్‌టీ ప్రాక్ నక్షత్రపు గుర్తునుంచి, ఎరుగని పదమని తెలుపును.