స్విచ్ మార్చాక ప్రింటర్ ఆగిందా? లోపాన్ని గుర్తించే క్రమం ఇదీ

కార్యాలయంలో పాత నెట్‌వర్క్ స్విచ్‌ను తొలగించి కొత్తది అమర్చారు. కంప్యూటర్లు యథావిధిగా పనిచేస్తున్నాయి, ఇంటర్నెట్ కూడా వస్తోంది. ప్రింటర్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అని చూపుతోంది. ధ్రువపత్రాలు, రసీదులు, ఆసుపత్రి నివేదికలు కాగితంపైనే చేతికందే చోట ఈ చిన్న అంతరాయం ప్రజలను గంటల తరబడి వరుసలో నిలబెడుతుంది. ఇటువంటప్పుడు డ్రైవర్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం పరిపాటి. అయితే డ్రైవర్ నిన్నటిదే, మారింది స్విచ్. కనుక పరిశీలన కూడా అక్కడి నుంచే మొదలుకావాలి.

స్విచ్ మారితే ప్రింటర్‌కు ఏమవుతుంది?

ఏ పరికరం ఏ పోర్టుకు అనుసంధానమై ఉందో స్విచ్ తనంతట తానే నేర్చుకుంటుంది. ఐపీ చిరునామాలను కేటాయించేది సాధారణంగా రూటర్ లేదా డీహెచ్‌సీపీ సర్వర్. స్విచ్ మార్చే సమయంలో సంబంధం తెగిపోవడంతో ప్రింటర్ మళ్లీ చిరునామా కోరుతుంది. ఈసారి వేరే సంఖ్య లభించవచ్చు. కంప్యూటర్లు మాత్రం పాత చిరునామాకే పత్రాలను పంపుతూ ఉంటాయి.

పరిశీలన క్రమం

మొదట కేబుల్ రెండు చివర్లలోని దీపాలను గమనించాలి. అవి వెలగకపోతే వేరే పోర్టులో, ఆ తర్వాత వేరే కేబుల్‌తో ప్రయత్నించాలి. ప్రింటర్‌లో నెట్‌వర్క్ వేగాన్ని స్థిరంగా నిర్ణయించి ఉంటే ‘ఆటో’కు మార్చాలి. ఒకవైపు స్థిర వేగం, మరోవైపు ఆటో ఉంటే దీపాలు వెలిగినా ముద్రణ నత్తనడకన సాగవచ్చు.

రెండవది, ప్రింటర్ ప్యానెల్ నుంచే కాన్ఫిగరేషన్ పేజీని ముద్రించాలి. దీనికి నెట్‌వర్క్ అవసరం లేదు. అందులోని ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి సమాధానం రాక ప్రింటర్ తానే ఒక సంఖ్యను పెట్టుకుందని అర్థం.

మూడవది, ఆ చిరునామాకు కంప్యూటర్ నుంచి ‘పింగ్’ ఆదేశం ఇవ్వాలి. సమాధానం వస్తే మార్గం సక్రమంగా ఉన్నట్లే. ఇక విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, ‘పోర్ట్స్’ విభాగంలోని చిరునామాను కాన్ఫిగరేషన్ పేజీతో సరిపోల్చాలి. తేడా ఉంటే కొత్త చిరునామాతో టీసీపీ/ఐపీ పోర్టును చేర్చాలి. రెండూ ఒకటే అయినా ముద్రణ జరగకపోతే, ప్రింటర్‌ను ఆపివేసి మళ్లీ పింగ్ చేయాలి. అప్పుడూ సమాధానం వస్తే అదే చిరునామాను మరో పరికరం వాడుతున్నట్లు లెక్క.

మేనేజ్డ్ స్విచ్ అయితే

పెద్ద కార్యాలయాల్లో వాడే మేనేజ్డ్ స్విచ్‌లలో మరో రెండు కారణాలు ఎదురవుతాయి. పాత స్విచ్‌లో ప్రింటర్ పోర్టును ప్రత్యేక వీల్యాన్‌లో ఉంచి, కొత్తదానిలో ఆ అమరిక చేయకపోవడం మొదటిది. రెండవది స్పానింగ్ ట్రీ. పాత పద్ధతిలో ఈ ఏర్పాటు కొత్తగా కలిసిన పోర్టును సుమారు 30 సెకన్లపాటు నిలిపి ఉంచుతుంది. ఆలోగా కొన్ని ప్రింటర్లు చిరునామా కోరడం మానుకుంటాయి. ప్రింటర్‌ను ఆపి వేసినా అదే నిరీక్షణ పునరావృతమవుతుంది. ఆ పోర్టును ‘ఎడ్జ్ పోర్టు’గా మార్చడమే పరిష్కారం. ఈ మార్పులను నెట్‌వర్క్ నిర్వాహకులే చేయాలి.

మళ్లీ తలెత్తకుండా

ప్రింటర్ మ్యాక్ చిరునామా ఆధారంగా డీహెచ్‌సీపీలో ఒక ఐపీని శాశ్వతంగా కేటాయించడం ఉత్తమం. ప్రింటర్‌లోనే స్థిర చిరునామా ఇవ్వదలిస్తే, అది సర్వర్ పంచే సంఖ్యల పరిధికి వెలుపల ఉండాలి. స్విచ్ మార్చడానికి ముందే ప్రతి కేబుల్‌కు చీటీ అంటించి, పాత స్విచ్ అమరికలను భద్రపరచి, ప్రింటర్ కాన్ఫిగరేషన్ పేజీని ముద్రించి ఉంచుకోవాలి. సమస్య తలెత్తితే ముందున్న స్థితిని తెలిపే ఆధారాలు అవే.