తడి పుల్లకు మంట అంటాలంటే

డిసెంబరు రాత్రి లంబసింగి కొండల్లో గుడారం వేసుకున్నవాళ్లకు మంచుకు తడిసిన పుల్లలతో పడే అవస్థ తెలిసిందే. అగ్గిపెట్టె ఖాళీ అవుతుంది, పొగ తప్ప మంట రాదు. కట్టె మండాలంటే ముందు అందులోని నీరు ఆవిరి కావాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 2,260 కిలోజౌళ్లు కావాలి. ఆ తర్వాత కట్టె సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, మండే వాయువులను వదలాలి. సెకన్లలో ఆరిపోయే అగ్గిపుల్లకు అంత శక్తి ఎక్కడిది? కొన్ని నిమిషాలు ఆగకుండా మండేదేదో మధ్యలో ఉండాలి. అదే ఫైర్ స్టార్టర్. కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

అన్నిటికన్నా తేలికైనది పెట్రోలియం జెల్లీ పట్టించిన దూది ఉండ. వట్టి దూది భగ్గుమని క్షణాల్లో బూడిదవుతుంది. జెల్లీ పట్టిస్తే అదే దీపపు వత్తిలా పనిచేస్తుంది. కరిగిన జెల్లీ పోగుల వెంట పాకి ఆవిరవుతుంది, ఆ ఆవిరి మండుతుంది. 1860–61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకిచ్చిన ఉపన్యాసాల్లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఇదే చూపించాడు: ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే ఆవిరికి మంట చూపి, వత్తిని తాకకుండానే వెలిగించాడు. ఉండ నడుమ కాస్త పొడి దూది వదలండి. వాడేముందు విప్పదీస్తే ఆ పోగులు నిప్పురవ్వకే అంటుకుంటాయి.

ఇంకా ఎక్కువసేపు మండాలంటే కోడిగుడ్ల అట్ట ట్రే గుంటల్లో రంపపు పొట్టు నింపి, పాత కొవ్వొత్తుల మైనం కరిగించి పోయాలి. గట్టిపడ్డాక గుంటకో బిళ్లగా కత్తిరించుకోవాలి. ప్లాస్టిక్, థర్మకోల్ ట్రేలు పనికిరావు. మైనాన్ని మాత్రం నేరుగా పొయ్యిమీద పెట్టవద్దు, మరిగే నీళ్లగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పారఫిన్ మైనం 60 డిగ్రీల అటూ ఇటూగా కరుగుతుంది. నీరు 100 దాటదు. మైనపు ఆవిరి అంటుకునేది 200 దరిదాపుల్లో. అయినా అంటుకుందా, నీళ్లు పోయకండి! మైనం కన్నా బరువైన నీరు అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బి, మండే మైనాన్ని నలువైపులా చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పెట్టాలి.

కర్పూరం ఇట్టే అంటుకుంటుంది గానీ త్వరగా అయిపోతుంది, మూత బిగించని డబ్బాలో హరించుకుపోతుంది. మైనపు బిళ్లను ముట్టించడానికైతే భేషుగ్గా ఉంటుంది.

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం నేరం. మంటకు అనుమతి ఉన్న శిబిరాల్లోనే వెలిగించండి. బయలుదేరేముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, వేడి పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే కదలండి.