కేరాఫ్ కంచరపాలెం: అమ్మ పెళ్లికి కూతురి అండ

2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ను చాలామంది నాలుగు ప్రేమకథల సినిమాగానే గుర్తుపెట్టుకున్నారు. దర్శకుడిగా వెంకటేశ్ మహాకు ఇదే తొలి చిత్రం. ఆ నాలుగో కథలో ఒక తల్లీ కూతుళ్ల కథ కూడా ఉంది. సినిమాకు వచ్చిన పేరులో దాని వాటా పెద్దదే అయినా, దాని గురించి మాట్లాడుకున్నది తక్కువ.

విశాఖపట్నంలోని కంచరపాలెంలో రాజు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఊరివాళ్లు అతని మగతనం మీదే అనుమానపడతారు. ఆ ఆఫీసుకు ఒడిశా నుంచి రాధ అధికారిగా బదిలీ అయి వస్తుంది. ఆమెకు నలభై రెండేళ్లు. భర్త పోయాడు, ఇరవై ఏళ్ల కూతురుంది. అధికారికీ అటెండరుకీ మధ్య స్నేహం మొదలై పెళ్లి మాట దాకా వస్తుంది. రాధ అన్న ఒప్పుకోడు. ఎదిగిన కూతుర్ని ఇంట్లో పెట్టుకుని తల్లి పెళ్లి చేసుకోవడమేమిటన్నది లోకం మాట. ఆ మాట అనడానికి అందరికన్నా ముందు హక్కున్న మనిషి కూతురే. ఆ పిల్ల మాత్రం తల్లి పక్షాన నిలబడుతుంది. వితంతు వివాహం మీద మన సినిమాల్లో చర్చలు కొత్త కాదు. కానీ తల్లికీ ఒక జీవితం కావాలని ఇంత మామూలుగా, ఉపన్యాసం లేకుండా అనుకునే కూతురు అరుదు.

మిగిలిన మూడు కథల పక్కన పెట్టి చూస్తే ఈ పాత్ర బరువు తెలుస్తుంది. బడి పిల్లలు సుందరం, సునీతల స్నేహాన్ని సునీత తండ్రి తెంపేసి, ఆ పిల్లను ఊరు దాటించేస్తాడు. జోసెఫ్, భార్గవిల ప్రేమకు భార్గవి తండ్రి అడ్డు. సారా కొట్టులో పనిచేసే గడ్డం, వేశ్య సలీమాను మనసారా ఇష్టపడతాడు. ఆమె హత్యకు గురవుతుంది. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు వేర్వేరు మనుషులు కారని, ఒకే మనిషి వేర్వేరు వయసులని చివర్లో తెలుస్తుంది. అంటే రాజు జీవితంలో రెండుసార్లు ఆడపిల్ల తండ్రి తలుపు వేశాడు. నాలుగోసారి ఆ తలుపు తీసింది ఆడపిల్లే. ఈ అమరిక వల్లే ముగింపుకు అంత బలం వచ్చింది.

వితంతువు పెళ్లి ఈ ప్రాంతానికి పాత ప్రశ్న. విధవా పునర్వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించింది. రాజమండ్రిలో 1881లో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. విజయనగరంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి రంగస్థలమెక్కింది. అందులో అగ్నిహోత్రావధానులు పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైంది. రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబోతుంటే, ఆపే దారిలేక తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. బతికి బయటపడ్డా భర్త మనసు మారదు. కూతురి కోసం ఆ తల్లి చేతిలో ఉన్నది ప్రాణం ఒక్కటే. ఆమె తమ్ముడు కరటక శాస్త్రి పన్నాగం పన్నితే గానీ ఆ పెళ్లి తప్పలేదు. కంచరపాలెంలో ఆడమనిషి తోబుట్టువే పెళ్లికి అడ్డం పడితే, కడుపున పుట్టిన పిల్ల దన్నుగా నిలిచింది. నాటకానికీ సినిమాకీ నడుమ నూటపాతికేళ్లలో ఇంటి ఆడవాళ్ల మాటకు ఎంతోకొంత విలువ పెరిగింది.

ఈ కథను పేరున్న తారలతో తీసి ఉంటే ఇంత నమ్మకం కలిగేది కాదు. అమెరికాలో వైద్యురాలైన ప్రవీణ పరుచూరి నిర్మాత, సలీమా పాత్ర కూడా ఆవిడదే. రాజుగా సుబ్బారావు, రాధగా రాధా బెస్సీ నటించారు. తెర మీది మనుషుల్లో ఎక్కువమంది కంచరపాలెం వాసులే, కెమెరా ముందుకు రావడం వాళ్లకు అదే మొదలు. 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శించిన ఈ చిత్రాన్ని రానా దగ్గుబాటి సమర్పకుడిగా థియేటర్లకు తెచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుతెరువుకు విశాఖ చేరినవాళ్ల యాస ఇందులో హాస్యానికి కాక మామూలు సంభాషణకు పనికొచ్చింది. ఎన్నో ఏళ్లుగా నౌకరు పాత్రలకూ నవ్వులకూ అంటగట్టిన యాసకు ఇది దక్కాల్సిన గౌరవం. రెండేళ్ల తర్వాత కరుణ కుమార్ ‘పలాస 1978’ శ్రీకాకుళం జిల్లా కులకథను అదే యాసలో చెప్పింది.

తల్లీ కూతుళ్ల కథలకు ఇలాంటి చిన్న సినిమాలు నప్పుతాయని బ్రిటన్ అనుభవమూ చెబుతుంది. మైక్ లీ తీసిన ‘సీక్రెట్స్ అండ్ లైస్’కు 1996 కాన్స్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారం వచ్చింది. దత్తు వెళ్లిన నల్లజాతి యువతి తనను కన్న శ్వేతజాతి తల్లిని వెతుక్కుంటూ వస్తుంది. ఫ్యాక్టరీ కూలి అయిన ఆ తల్లిగా బ్రెండా బ్లెతిన్ ఉత్తమ నటి అయింది. రాసిపెట్టుకున్న సంభాషణలు లేకుండా నటులతో నెలల తరబడి సాధన చేయించి పాత్రలను మలచడం మైక్ లీ పద్ధతి. అక్కడ తల్లి సిగ్గుపడి దాచుకున్న గతాన్ని కూతురు బయటికి తెస్తే, ఇక్కడ తల్లి సిగ్గుపడి అడగలేని భవిష్యత్తుకు కూతురు దారి వేసింది.

‘కేరాఫ్ కంచరపాలెం’ 2021లో ‘కేరాఫ్ కాదల్’ పేరుతో తమిళంలోకి వెళ్లింది. రాజు కోసం ఈ సినిమా చూసినవాళ్లు రాధ కూతురి కోసం ఇంకోసారి చూడాలి.