రూట్ కెనాల్ చికిత్సలో స్నాతకోత్తర శిక్షణ

రూట్ కెనాల్ చికిత్సలో స్నాతకోత్తర శిక్షణ అనగా బీడీఎస్ పట్టా పొందిన దంతవైద్యులు పంటి వేరులోని నాళాలకు చేసే చికిత్సను ప్రత్యేకంగా అభ్యసించే మూడేళ్ళ చదువు. భారతదేశంలో ఇది ఎండీఎస్ కోర్సులలో ఒక విభాగం. దీని పేరు కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్. పుచ్చిన పంటిని పూడ్చడం, పాడైన దంతమజ్జను తొలగించి పంటిని నిలబెట్టడం ఈ విభాగపు ముఖ్య విషయాలు.

కొత్తగూడెం సింగరేణి బొగ్గుగనుల సంస్థకు కేంద్రస్థానం. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుండి వేరుపడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు ముఖ్యపట్టణం కూడా. (ఇక్కడి రైల్వే స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్, అక్కడ దిగినవారికి భద్రాచలం ఇంకా సుమారు 40 కిలోమీటర్లు.) 2022లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనా, దంతవైద్య కళాశాల లేదు. ఎండీఎస్ చదవదలచిన ఇక్కడి దంతవైద్యునికి అందుబాటులో ఉన్నది సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఖమ్మంలోని మమత దంతవైద్య కళాశాల. అది కాకపోతే హైదరాబాదు. అక్కడి ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడినది. తెలంగాణలోని ఈ కళాశాలలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోనివి. రాష్ట్ర విభజనకు ముందు విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ప్రవేశం నీట్-ఎండీఎస్ పరీక్ష ద్వారా జరుగుతుంది.

ఎందుకు ప్రత్యేక శిక్షణ

బీడీఎస్ చదివిన ప్రతి దంతవైద్యుడూ రూట్ కెనాల్ చేయవచ్చు. చాలామంది చక్కగా చేస్తారు కూడా. ముందరి పళ్ళకు సాధారణంగా ఒకటే వేరు, ఒకటే నాళం కనుక పని సులువు. చిక్కు దవడపళ్ళతోనే. పై దవడలోని మొదటి పెద్ద దవడపంటికి మూడు వేళ్ళుంటాయి, కానీ నాళాలు తరచుగా నాలుగు. బుగ్గవైపు ముందు వేరులో దాగిన రెండవ నాళం సన్నని గీతలాగా ఉండి కంటికి ఆనదు. దానిని వదిలేస్తే అందులోని సూక్ష్మజీవులు మిగిలిపోయి, నెలలకో ఏళ్ళకో వేరు కొసన మళ్ళీ చీము చేరుతుంది. రోగి మాత్రం "రూట్ కెనాల్ చేయించినా పన్ను నిలవలేదు" అనుకుంటాడు.

సూక్ష్మజీవులే అసలు కారణమని 1965లో కాకెహాషి బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం తేల్చింది. మామూలు ఎలుకలలో దంతమజ్జను తెరచి వదిలితే అది కుళ్ళిపోయింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలో, ఆహారం ఇరుక్కుంటున్నా, మజ్జ బ్రతికి తెరచిన చోట కొత్త డెంటిన్ పొర కట్టింది. నేటి శిక్షణలో రబ్బరు డ్యామ్ (పంటిని లాలాజలం నుండి వేరుచేసే రబ్బరు తెర) వాడకానికి ఇచ్చే ప్రాధాన్యం దీనినుండే అర్థమవుతుంది. ఇంత చిన్న తెర మన క్లినిక్కులలో ఇంకా అరుదు కావడం విచారకరం.

శిక్షణ విధానం

విద్యార్థి మొదట పీకిన పళ్ళపైన, పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మెలపైన సాధన చేస్తాడు. నాళం ఎక్కడ వంగుతున్నదో, ఫైలు ఎక్కడ పట్టుకుంటున్నదో దిమ్మెలో కంటికి కనబడుతుంది. ఆ తరువాతనే, గురువుల పర్యవేక్షణలో, రోగులకు చికిత్స చేస్తాడు. దీనితోపాటు సిద్ధాంత వ్యాసం రాయాలి, సెమినార్లు ఇవ్వాలి.

పనిముట్లలో పెద్ద మార్పు 1988లో వాలియా బృందం నికెల్-టైటానియం తీగతో ఫైళ్ళు చేసి పరీక్షించడంతో మొదలయింది. ఉక్కు ఫైలు వంకర నాళంలో నిటారుగా నిలబడజూస్తుంది. ఈ మిశ్రమలోహం వంపును అనుసరించి పోతుంది. అందువల్లనే మోటారుతో తిప్పే ఫైళ్ళు సాధ్యమయ్యాయి. కానీ ఇవి అలసి, పైకి ఏ గుర్తూ కనబడకుండానే లోపల విరిగిపోగలవు. విరిగిన ముక్కను తీయాలా, పక్కనుండి దాటిపోవాలా, అక్కడే వదలాలా అన్న నిర్ణయం సూక్ష్మదర్శిని కింద ఎన్నో కేసులు చూసిన తరువాతనే అలవడుతుంది.

నాళం పొడవును కొలిచే ఏపెక్స్ లొకేటర్ విద్యుత్ నిరోధంపై ఆధారపడినది. దీనికి మూలమైన పరిశీలనను జపానుకు చెందిన సునాడ 1962లో ప్రచురించాడు. పొడవు తప్పితే నష్టం ఎక్కువ: నాళాన్ని కడిగే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వేరు కొస దాటితే ముఖం వాచి, తీవ్రమైన నొప్పి వస్తుంది. కడగడం ముగిశాక నాళాన్ని గట్టాపర్చాతో నింపుతారు.

స్వల్పకాలిక కోర్సులు

రెండు మూడు రోజుల శిబిరాలు, కొన్ని నెలల ఫెలోషిప్పులు విరివిగా జరుగుతున్నాయి. కొత్త మోటారు, కొత్త ఫైలు వాడకం నేర్చుకోవడానికి ఇవి పనికివస్తాయి. క్లినిక్కు మూసి మూడేళ్ళు చదవలేని వైద్యునికి మరో దారి లేదు కూడా. అయితే ఇవి ఎండీఎస్‌తో సమానం కావు. వీటి ఆధారంగా తనను ఈ విభాగపు నిపుణునిగా చెప్పుకోవడానికి వైద్యునికి హక్కు లేదు.

దుమ్ముగూడెం, చర్ల వంటి మండలాలనుండి వచ్చే రోగికి ఈ తేడా డబ్బు, ప్రయాణాల లెక్కగా ఎదురవుతుంది. రూట్ కెనాల్‌కు తరచుగా ఒకటికంటే ఎక్కువసార్లు రావాలి, ఆపైన దవడపంటికి తొడుగు వేయించాలి. లేకపోతే బలహీనపడిన పన్ను పగిలే ప్రమాదముంది. పీకించుకోవడానికి ఒక్క ప్రయాణం చాలు. కొత్తగూడెంలో కుదరదని ఖమ్మం పంపిన పళ్ళలో కొన్ని ఆ లెక్కలోనే పోతాయి.