మిర్చి డబ్బు పడ్డాక వచ్చే ఫోన్లు



కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ, బాబు మార్కుల గురించి మాట్లాడటం అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. అందరూ వెళ్లాక నెమ్మదిగా చెప్పారు. ఫీజు కోసం ఉంచిన మిర్చి డబ్బు ఖాతాలోంచి పోయిందట. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ అప్‌డేట్ కాలేదు, సాయంత్రానికి ఖాతా ఆగిపోతుంది" అని ఫోన్ వచ్చింది. ఓటీపీ చెప్పేశారు. "నా పేరు, మా ఊరు, బ్రాంచి పేరు అన్నీ చెప్పారు మేడమ్. అబద్ధం అనుకోలేదు" అన్నారు.

మనలో చాలామందిమి పొరబడేది ఇక్కడే. ఎరువుల కొట్లో ఫోన్ నంబరు ఇస్తాం, సిమ్ కోసం ఆధార్ కాపీ ఇస్తాం. మన వివరాలు ఎన్ని చేతులు మారాయో మనకే తెలియదు. అవి తెలిసినంత మాత్రాన అవతలివాళ్లు బ్యాంకువాళ్లు అయిపోరు. వాళ్ల దగ్గర లేనిది ఓటీపీ, పిన్ మాత్రమే. వాటి కోసమే ఫోన్ చేస్తారు. నిజమైన బ్యాంకు వాటిని ఎప్పుడూ అడగదు.

మన గుంటూరు, ప్రకాశం వైపు పత్తి, మిర్చి అమ్మాకే ఖాతాలో కాస్త డబ్బు కనిపిస్తుంది. జూన్ వస్తే 'తల్లికి వందనం' కోసం ఎదురుచూపు. 2025లో ఒక్కో విద్యార్థికి 13 వేల రూపాయలు తల్లుల ఖాతాల్లోనే వేశారు. అలా ఎదురుచూసేటప్పుడు "మీ డబ్బు పడాలంటే పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే నమ్మబుద్ధవుతుంది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడుగుతోందంటే డబ్బు మన ఖాతాలోంచి వెళ్తోందని అర్థం.

ఓటీపీ చెప్పకపోయినా డబ్బు పోయే దారి ఇంకొకటి ఉంది. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది ఫొటో కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి, అడిగినదానికల్లా 'అలౌ' నొక్కితే మన మెసేజీలు వాళ్లే చదువుకుంటారు. ఇంట్లో ఫోన్ ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు (హోంవర్క్ వాట్సాప్‌లో పెట్టేది మేమే, కాదనను). అందుకే ఈ పేజీ పిల్లలకూ చదివి వినిపించండి.

ఆ అమ్మ రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఆయన తిడతారని. మోసగాళ్లు డబ్బును నిమిషాల్లో ఖాతాలు మారుస్తారు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, అది ఏ బ్యాంకులో ఉంటే అక్కడ ఆపించే ప్రయత్నం జరుగుతుంది. ఏటీఎంలో తీసేసుకున్నాక ఆపడానికి ఏముంటుంది? 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, మనమే ఓటీపీ చెప్పినప్పుడు బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మన నష్టం, తెలియజేశాక పోయింది బ్యాంకు నష్టం. కాబట్టి నాన్నలూ, కోపం ఎంత వచ్చినా ముందు 1930కి, తర్వాత మీ బ్యాంకుకు ఫోన్ చేయండి.

స్కూల్ పేరుతో స్కాలర్‌షిప్ అనో ఫీజు రాయితీ అనో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి. పిల్లల డైరీలో ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ అమ్మ ఫీజు గడువు గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. బాబు రోజూ స్కూల్‌కి వస్తున్నాడు.