విషాన్ని విరిచే తెల్లని పొడి

కడుపులో మంటకు వాడే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా మీకు తెలిసిందే. అందులో ఉండేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. దానిని సుమారు 350 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే నీరు ఆవిరై పోయి, మెగ్నీషియం ఆక్సైడ్ మిగులుతుంది. ఈ తెల్లని పొడి విష రసాయనాలను ఎలా తొలగిస్తుందో ఇప్పుడు చూద్దాం.

విషవాయువుల నుంచి రక్షించే ముసుగులలో సాధారణంగా ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. అది విషపు అణువులను తన ఉపరితలంపై పట్టి ఉంచుతుంది. దీనినే అధిశోషణం అంటారు. అయితే ఆ అణువులు చాలావరకు మారకుండా ఉంటాయి. వేడిచేస్తే మళ్ళీ బయటికి రావచ్చు. మెగ్నీషియం ఆక్సైడ్ మాత్రం కొన్ని అణువులను పట్టుకొని, వాటి బంధాలను తెంచుతుంది. ఇది విధ్వంసక అధిశోషణం. ఉదాహరణకు, 400–500 డిగ్రీల వద్ద కార్బన్ టెట్రాక్లోరైడ్ దీనితో చర్య జరిపి, మెగ్నీషియం క్లోరైడ్ అనే లవణంగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. 154 గ్రాముల విషానికి సుమారు 80 గ్రాముల ఆక్సైడ్ కావాలి.

చర్య మొదలయ్యేది ఉపరితలంపైనే. ఒక గ్రాము ఆక్సైడ్ ఒకే ఘనంగా ఉంటే దాని ఉపరితల వైశాల్యం సుమారు 2.6 చదరపు సెంటీమీటర్లు. దానినే 4 నానోమీటర్ల అంచు గల ఘనాలుగా చేస్తే, లెక్క ప్రకారం సుమారు 420 చదరపు మీటర్లు, అంటే అయిదు బ్యాడ్మింటన్ కోర్టులంత! పైగా చిన్న స్ఫటికాల అంచులలో, మూలలలో ఉన్న అయాన్లకు పొరుగు అయాన్లు తక్కువ. అందుకే అవి చురుకుగా చర్యలో పాల్గొంటాయి.

ఇంత చిన్న స్ఫటికాలను ఎలా తయారుచేస్తారు? మెగ్నీషియం లోహాన్ని మిథనాల్‌లో కరిగించి, టోలీన్ కలిపి, నీటితో జలవిశ్లేషణ చేస్తే జెల్ ఏర్పడుతుంది. మామూలుగా ఆరబెడితే ద్రవపు తలతన్యత వల్ల దాని రంధ్రాలు కూలిపోతాయి. కనుక గట్టి మూత గల పీడన పాత్రలో సుమారు 265 డిగ్రీలకు వేడిచేసి, ద్రావణులను ఆవిరిగా వదులుతారు. తరువాత శూన్యంలో 500 డిగ్రీల వరకు వేడిచేస్తారు.

తయారైన పొడిని పరీక్షించాలి కదా! ఎక్స్-కిరణ వివర్తనంలో శిఖరాలు ఎంత వెడల్పుగా ఉంటే స్ఫటికాలు అంత చిన్నవి. −196 డిగ్రీల వద్ద నైట్రోజన్‌ను అధిశోషింపజేసి ఉపరితల వైశాల్యాన్ని కొలుస్తారు. పరారుణ వర్ణపటం ద్వారా ఉపరితలంపై ఏ బంధాలు తెగాయో, ఏవి ఏర్పడ్డాయో తెలుస్తుంది.

అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ క్లబుండే బృందం ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది. మస్టర్డ్ వాయువు, సోమన్, వీఎక్స్ అనే యుద్ధ విషాలు కూడా ఇలాంటి పొడిపై గది ఉష్ణోగ్రత వద్దనే విచ్ఛిన్నమవుతాయని 1999లో ప్రచురించిన పరిశోధన చూపింది.

ఒక పరిమితిని మరువకండి. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కూడా ఈ ఉపరితలాన్ని ఆక్రమిస్తాయి. అందుచేత పొడిని గాలి చొరని పాత్రలో భద్రపరచాలి.

ఇప్పుడు మీరే లెక్కించండి: ఘనపు అంచు 8 నానోమీటర్లయితే గ్రాముకు ఉపరితల వైశాల్యం ఎంత?