ప్రశ్నతో మొదలయ్యే పాఠం

ప్రాథమిక పాఠశాలలో తెలుగుకొక గంట, లెక్కలకొక గంట అని మనం విడదీస్తాం. పిల్లల కుతూహలానికి ఈ గంటలతో పనిలేదు. "వానాకాలంలో మత్తడి దుంకిన చెరువు ఎండాకాలానికి ఎందుకు ఎండింది సారూ?" అని కరీంనగర్ పల్లెలో అయిదో తరగతి పిల్లవాడు అడిగాడనుకుందాం. ఇది ఏ సబ్జెక్టు ప్రశ్న?

ముందు పిల్లల ఊహలు బోర్డుమీద రాయాలి. ఎండకు ఆవిరైందా? తూము గుండా పొలాలకు పోయిందా? నేలలోకి ఇంకిందా? తర్వాత పరీక్ష. ఒకే రకం గిన్నెలు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టి రోజూ స్కేలుతో కొలిస్తే సైన్సూ లెక్కలూ కలిసే వస్తాయి. నీరడిని ఆయకట్టు సంగతి అడిగితే సాంఘికశాస్త్రం. ఇసుకలో, రేగడిలో నీళ్లు పోసి చూస్తే మూడో ఊహ తేలుతుంది. తెలుసుకున్నది నాలుగు వాక్యాల్లో రాస్తే తెలుగు.

ఇది కొత్త మాటేమీ కాదు. నాటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు వచ్చాయి. తెలిసినదాని నుంచే చదువు మొదలవ్వాలన్నది దాని సారం. 1980లలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కూడా చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం అన్నవాటిని తన ఆరు సూత్రాల్లో చేర్చింది.

అయితే సూత్రం కాగితంమీద ఉంటే చాలదు. ప్రశ్న ఏది, కొలిచేది ఏమిటి, ఎవరేం చేయాలి, చివరికి ఏం నేర్వాలి అన్న నాలుగూ ముందే రాసుకోవాలి. లేకుంటే పాఠం షికారవుతుంది. ఏకోపాధ్యాయ బడిలో ఈ అవసరం మరీ ఎక్కువ: మూడో తరగతి వాళ్లు కొలిస్తే, అయిదో తరగతి వాళ్లు పట్టిక వేస్తారు.

రేపు పంతుళ్లు కాబోయే మిత్రులారా! ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి "కూర్చో" అంటే ఆ పూట సిలబస్ ముందుకు సాగుతుందేమో గాని, వాడు మళ్లీ అడగడు.